తిరుపతయ్య పంపిన బద్లీ

తిరుపతయ్య మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మేలు, ఎందుకంటే అతను చేసిన పని వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తాగి వచ్చి పెళ్లాన్ని కొట్టే రకం కాదు. గల్లీలో ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆటో పిలుచుకొచ్చేవాడు అతనే. కాకపోతే సిగ్గరి. ఆ సిగ్గు మామూలు సిగ్గయితే కథే లేదు. నలుగురిలో చొక్కా విప్పి నిలబడి పనిచేసే మనిషికి, నాలుగు గోడల మధ్య డాక్టరు ముందు నోరు విప్పడానికి మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ రైలెక్కాడు. గోడాదరాలో మేనమామ పనిచేసే షెడ్డులోనే సాంచల మీద బట్ట నేయడం మొదలుపెట్టాడు. పవర్‌లూమును వాళ్ల వైపు సాంచ అంటారు. ఆ చప్పుడులో పెరిగినవాడు కాబట్టి మాట్లాడేటప్పుడు గొంతు పెద్దది, మనసులో మాట మాత్రం బయటికి రాదు. పెళ్లయ్యాక హైమవతిని తెచ్చుకుని ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే అక్షర పుట్టింది. పిల్ల పుట్టాక సంపాదన చాలడం లేదని సాంచలు వదిలి, కడోదరా దారిలో ఉన్న ఒక రంగుల మిల్లులో చేరాడు. రంగు వేసిన బట్టను వేడి గాలితో ఆరబెట్టే పెద్ద మిషన్ మీద పని. చలికాలంలో కూడా అక్కడ బనియను తడిసి ముద్దయ్యేది. నిద్ర రాకుండా ఉండటానికి అందరిలాగే మావా నమలడం అలవాటైంది. మావా అంటే వక్క, సున్నం, పొగాకు కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది ఇచ్చే ముద్ద. సూరత్‌లో అన్నం దొరకని సందు ఉండొచ్చు గానీ మావా దొరకని సందు లేదు.

అక్షర నాలుగేళ్లది అయ్యాక ఇంకొకరు కావాలనుకున్నారు. హైమవతి ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు, చమ్కీలు అతికించే పని చేసేది. పక్కనే అక్షర ఒంటరిగా బొమ్మకు అన్నం తినిపిస్తూ, బొమ్మ తరఫున కూడా తనే మాట్లాడుకునేది. అది చూసినప్పుడల్లా హైమవతి చేతిలో పని ఆగిపోయేది.

"మమ్మీ, మా బడి సోనల్‌కు ఛోటా భాయ్ వచ్చిండు. మనకెప్పుడు వస్తడు?" అని అక్షర అడిగేది. బడిలో నేర్చుకున్న హిందీ, ఇంట్లో విన్న తెలుగు ఆ పిల్ల నోట్లో ఒకటే భాష.

ఏడాది చూశారు, రెండేళ్లు చూశారు, మూడో ఏడూ గడిచింది. మొదటి కాన్పు అంత సులువుగా అయిన దంపతులకు రెండోది ఎందుకు నిలవడం లేదో ఎవరికీ అంతుపట్టలేదు. గల్లీలో ఆడవాళ్లకు మాత్రం అంతు పట్టింది. హైమవతి బరువులెత్తిందని ఒకరు, బాలింత పత్యం సరిగ్గా చేయలేదని ఇంకొకరు తేల్చేశారు. అక్షర పుట్టినప్పుడు తనకు పది రోజులు జ్వరం కాసిన సంగతి గుర్తొచ్చి, హైమవతి కూడా తప్పు తన కడుపుదేనని నమ్మేసింది. తిరుపతయ్య మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఒక బిడ్డను కన్న మగవాడికి ఇంకేం పరీక్ష కావాలి? నిన్న మొన్నటిదాకా బాగా నేసిన సాంచ ఇవాళ మొరాయించడం రోజూ చూసినవాడే, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయాడు.

పర్వత్ పాటియా దగ్గర ఒక తెలుగు డాక్టరమ్మ కొత్తగా ఆసుపత్రి పెట్టిందని తెలిసి 2005 చివర్లో ఇద్దరూ వెళ్లారు. ఆమె పేరు పద్మారాణి. కాకినాడ వైపు మనిషి. భర్త ఉద్యోగం హజీరాలో కావడంతో సూరత్ వచ్చింది. మాట మెత్తన, చూపు సూటి. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ అడిగి చెప్పింది.

"ఒకసారి పిల్లలు పుట్టాక మళ్లీ పుట్టకపోవడం కొత్తేం కాదమ్మా. మేం రోజూ చూస్తాం. అప్పటికీ ఇప్పటికీ మధ్య వయసు మారుతుంది, ఒళ్లు మారుతుంది, పని మారుతుంది. లోపం ఆడవాళ్లలో ఉండొచ్చు, మగవాళ్లలో ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉండొచ్చు. అందుకని ఇద్దరికీ పరీక్షలు చేయాలి. తిరుపతయ్యగారూ, మీది చాలా తేలిక. సూది కూడా లేదు. ఒక శాంపిల్ ఇస్తే చాలు."

ఆ శాంపిల్ ఏమిటో, ఎలా ఇవ్వాలో ఆసుపత్రి ల్యాబు మనిషి బయట వివరించాడు. గుజరాతీలో, అదీ గొంతెత్తి. చేతిలో చిన్న డబ్బా పెట్టి ఒక తలుపు చూపించాడు. ఆ తలుపు ముందు బెంచీ మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. తిరుపతయ్య డబ్బాను చొక్కా కింద దాచుకున్నాడు. ఇవాళ వీలు కాదని, నైట్ పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి వచ్చానని, మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాడు.

ఇక్కడ మిల్లు పద్ధతి ఒకటి చెప్పాలి. మిల్లులో నాగా పెట్టాలంటే సెలవు అడగరు, బద్లీని పంపుతారు. నీ చోట వేరే మనిషి నిలబడితే చాలు, హాజరు నీ పేరు మీదే పడుతుంది. మిషన్ నడిచిందా లేదా అన్నదే సేఠ్‌కు కావాలి, నడిపింది ఎవరన్నది కాదు. తిరుపతయ్య ఎన్నోసార్లు తన స్నేహితుడు లక్ష్మీరాజానికి బద్లీ చేశాడు. లక్ష్మీరాజమూ ఇతనికి చేశాడు. ఏళ్ల తరబడి ఆ పద్ధతిలో బతికినవాళ్ల బుర్రకు ఏం తడుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

"గంతేనా? గిదానికి గింత పరేషాన్ ఎందుకే? నేను పోయొస్త," అన్నాడు లక్ష్మీరాజం, ముగ్గురు పిల్లల తండ్రి. "నీ పేరు మీద ఎన్ని పాళీలు జేయలే!"

"ఎవరికన్న ఎరుకైతే?"

"ఆడ గంత మందిల నీ మొకం ఎవలు యాది పెట్టుకుంటరు? పేరు సెప్పుడు, డబ్బ ఇచ్చుడు, వచ్చుడు."

మర్నాడు ల్యాబు మనిషి "తిరుపతిభాయ్!" అని కేకేస్తే లక్ష్మీరాజం దర్జాగా లేచి నిలబడ్డాడు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ మిల్లు బయట చాయ్ తాగి నవ్వుకున్నారు. పరీక్షను తప్పించుకున్నానని అనుకున్నాడే గానీ, ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు ఎవరి మీద పడుతుందో తిరుపతయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మంచివాళ్లు కూడా ఇంత మొద్దుగా ఉండగలరు.

భర్తలో ఏ లోపమూ లేదని తేలాక డాక్టరమ్మ దృష్టంతా హైమవతి మీదికి మళ్లింది. థైరాయిడ్ చూశారు, షుగర్ చూశారు. మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి గర్భనాళాలు తెరుచుకునే ఉన్నాయని తేల్చారు. ఆ ఎక్స్‌రే రోజు హైమవతి నొప్పితో బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించింది. అండం పెరగడానికి మాత్రలు మింగింది, తర్వాత సూదులు పొడిపించుకుంది. ఏ నెలకా నెల ఆశ పెట్టుకునేది. బయట చేరిన రోజు మాత్రం ఎవరికీ కనబడకుండా నీళ్ల గదిలో కాసేపు ఏడ్చి, కళ్లు కడుక్కుని వచ్చి చీరల పనిలో కూర్చునేది. సోమవారాలు ఉపవాసం పట్టింది. ఊళ్లో అత్తగారి చేత కొమురెల్లి మల్లన్నకు మొక్కించింది.

వీటన్నిటికంటే తిరుపతయ్యకు ఎక్కువ కష్టమైంది ఇంకొకటి ఉంది. హైమవతి అతన్ని పొగడటం మొదలుపెట్టింది. పక్కగది కనకవ్వకు కూడా ఒక్కడే కొడుకు, తర్వాత కాన్పు లేదు. ఆమె భర్త సత్తయ్యను పరీక్షకు రమ్మంటే గిన్నెలు విసిరేశాడు. "నాకు ఒకడు పుట్టిండు గద, ఇంక నాకేం పరీక్ష?" అన్నాడట. ఆ మాట విని హైమవతి గల్లీ అంతా వినబడేలా అంది.

"మా ఆయన అట్ల కాదక్కా. డాక్టరమ్మ ఒక్కపాలి అడిగింది, తెల్లారే పోయి ఇచ్చొచ్చిండు. గసుంటి మొగడు దొరుకుడు నా అదృష్టం."

అప్పుడు తిరుపతయ్య గది లోపల అన్నం తింటున్నాడు. ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచిన రోజులు లేకపోలేదు. కానీ ఒక అబద్ధం పాతబడే కొద్దీ దాన్ని బయటికి తీయడం కష్టమవుతుంది. రేపు చెబుదాం, ఈ నెల నిలిస్తే చెప్పే అవసరమే ఉండదు అనుకుంటూ ఏడాది ఈడ్చాడు.

చివరికి డాక్టరమ్మ చెప్పింది: "ఇద్దరి రిపోర్టులూ బాగానే ఉన్నాయి, అయినా నిలవడం లేదు. లోపల ఎక్కడన్నా అతుక్కుపోయి ఉందేమో దూర్బీను పెట్టి చూడాలి. పొట్ట మీద చిన్న గాట్లు పెడతాం. మత్తు ఇస్తాం. భయపడకమ్మా."

హైమవతికి మత్తు అంటే చచ్చేంత భయం. ఆమె చిన్నమ్మ ఒకామె మత్తులోకి వెళ్లి మళ్లీ లేవలేదు. అయినా సరేనంది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. నర్సు వచ్చి ఒంటి మీద బంగారం, వెండి ఏదీ ఉండకూడదని చెప్పింది. హైమవతి గాజులు తీసింది. మెట్టెలు రాకపోతే సబ్బు రాసి తీసింది. చివరికి మెడలో పుస్తెలతాడు తీసి, పసుపు తాడు కట్టుకుని, పుస్తెలు తిరుపతయ్య చేతిలో పెట్టి గుప్పిట మూసింది.

"పైలంగ పట్టుకో. నేను బయటికొచ్చినంక నువ్వే ఎయ్యాలె."

"ఏం గాదు హైమా."

"కాకపోతే మంచిదే. ఒకవేళ ఏమన్న అయితే..." అతని గుప్పిట మీద చెయ్యి వేసింది. "నాకేమన్న అయితే ఇంకొకామెను చేసుకో. నా కడుపే గట్లున్నది గని నీల ఏ లోపం లేదు. నీకు పిల్లలైతరు. అక్షరను మంచిగ జూసుకునే దాన్ని జూడు."

నిష్ఠూరంగా అనలేదు, ప్రేమగానే అంది. తిరుపతయ్య గుప్పిట్లో పుస్తెలు నిప్పుల్లా కాలాయి. లేచి గదిలోంచి బయటికి నడిచాడు. నడక కాస్తా పరుగైంది. చేతులు కడుక్కోవడానికి వెళుతున్న డాక్టరమ్మకు వరండాలో అడ్డం నిలబడ్డాడు.

"ఆపరేషన్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా. ఆ రిపోర్టు నాది కాదు."

"మీది కాకపోవడం ఏమిటి? పేరు మీదే కదా?"

"పేరు నాదే. మనిషి నేను గాదు. బద్లీని పంపిన."

బద్లీ అంటే ఏమిటో ఆమెకు మొదట తెలియలేదు. అతను విప్పి చెప్పాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడిన మాటలు వరండా చివరిదాకా వినబడ్డాయి.

"ఏడాది! ఆ అమ్మాయికి ఏడాది పాటు ఇన్ని సూదులు పొడిచాను. నాళాల ఎక్స్‌రే అప్పుడు ఆమె పడిన నొప్పి మీరు చూశారా? ఇవాళ పొట్ట కోయబోతున్నాను. ఎవరి వీర్యమో చూసి మీ ఆవిడకు వైద్యం చేశానా నేను? మీరు మనిషేనా?"

"కాదు," అన్నాడు తిరుపతయ్య. ఏడుస్తున్నాడు. ల్యాబు మనిషి తలుపు సందులోంచి తొంగి చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మకు కోపం దిగడానికి కాస్త సమయం పట్టింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, అతన్నీ కూర్చోమంది.

"నిజం చెప్పారు, సంతోషం. ఇంకో గంట ఆగి చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలుసా? లోపల అంతా బాగానే ఉందని చూసి కుట్లు వేసి పంపేదాన్ని. ఆపరేషన్ ఆపేస్తున్నాను. కానీ ఎందుకు ఆపానో ఆమెకు నేను చెప్పను. మీరే చెప్పాలి. ఇప్పుడే, ఇక్కడే."

తిరుపతయ్య గదిలోకి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ముందు ఆమె అతనికే ఏదో జబ్బని తేలిందేమో అనుకుని కంగారు పడింది. అతను చెప్పుకుంటూ పోయాడు. ఆమె చివరిదాకా విని ఒకే ప్రశ్న అడిగింది.

"ఎవలను పంపినవ్?"

"లక్ష్మీరాజాన్ని."

హైమవతికి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఆమెకే తెలియలేదు. కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఇటియ్యి," అని పుస్తెలు తీసుకుని తనే మెడలో వేసుకుంది. చీర మార్చుకుని బయటికి నడిచి షేర్ ఆటో ఎక్కింది. తిరుపతయ్య వెనకాలే పరుగెత్తినా ఆటోలో చోటు లేదు. అతను ఇంకో ఆటోలో ఇల్లు చేరాడు.

ఇంట్లో పొద్దంతా ఆమె అతనితో మాట్లాడలేదు. వంట చేసింది, వడ్డించింది, చీర ముందు వేసుకుని రాళ్లు అతికించింది. బడి నుంచి అక్షర వచ్చే వేళయింది. అప్పుడు నోరు విప్పింది.

"నువ్వు సిగ్గుపడ్డవ్. సరే, మొగోనివి, సిగ్గయ్యింది. గదానికి నాకు గుస్స లేదు. ఏడాది సంది నేను ఆ పొల్లకు ఏం జెప్పుకుంట వస్తున్ననో ఎరుకనా? 'అమ్మ కడుపు మంచిగ లేదు బిడ్డా, అందుకే తమ్ముడు వస్తలేడు' అని జెప్పిన. రోజు పండుకునే ముంగట అది దేవునికి మొక్కుతది, అమ్మ కడుపు మంచిగ చెయ్యమని. ఆ పొల్లకు నువ్వు జెప్పు. నాకు చెప్పినట్టే జెప్పు. గప్పుడు నేను మాట్లాడుత."

డాక్టరు ముందు ఏడ్చినవాడికి ఎనిమిదేళ్ల కూతురి ముందు మాట రావడం ఇంకా కష్టమైంది. అక్షర సంచీ పడేసి వచ్చి ఒళ్లో కూర్చుంది.

"బిడ్డా, అమ్మ కడుపు మంచిగనే ఉన్నది. అమ్మది ఏం తప్పు లేదు. నన్ను దవాఖానకు పొమ్మంటే పోలే. అబద్ధం జెప్పిన. తప్పు నాది."

అక్షర తండ్రి ముఖం వంక పరీక్షగా చూసింది. "సూదికి డర్ అయ్యిందా పప్పా?"

"ఊఁ. డర్ అయ్యింది."

"మమ్మీ చెయ్యి పట్టుకుంటది. నొప్పి కాదు," అని చెప్పి ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి పడుకునే ముందు దేవుడికి కొత్త మొక్కు మొక్కింది. పప్పాను మంచిగ చెయ్యమంది. హైమవతి విని మొదటిసారి భర్త వంక చూసి మాట్లాడింది. "వారం రోజులు మావా ముట్టకు. తర్వాత టెస్టుకు పోదాం," అంది.

ఆ వారం మధ్యలో లక్ష్మీరాజం తల వంచుకుని వచ్చాడు. హైమవతి చాయ్ ఇచ్చి మరీ కడిగేసింది. "నీ ముగ్గురు పిల్లలు నీకు సాలలేదా అన్నా, నా కొంపల కూడ నీ రిపోర్టే గావాల్నా?" చాయ్ సగం తాగి అతను పారిపోయాడు.

ఈసారి పరీక్షకు భార్యాభర్తలు ఇద్దరూ వెళ్లారు. ఆడవాళ్లు కూర్చున్న బెంచీ మీదే, ఆ తలుపుకు ఆనుకుని హైమవతి కూర్చుంది. ఎవరో త్వరగా కానిమ్మని తలుపు తడితే, "ఏం జల్దీ ఉన్నది మీకు? ఆగుండ్రి," అని గదమాయించింది. లోపల తిరుపతయ్యకు ఆ గొంతు వినబడింది. భయం సగం తగ్గింది.

రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. వీర్యకణాలు ఉండాల్సిన దాంట్లో పావువంతు కూడా లేవు. ఉన్నవాటిలో చురుకుగా కదిలేవి తక్కువ. మగవాళ్ల డాక్టరు ఒకాయన చూసి, వృషణాల దగ్గర నరాలు ఉబ్బి ఉన్నాయని చెప్పాడు. కాళ్ల మీద కొందరికి నరాలు ఉబ్బుతాయే, అలాంటిదే. రక్తం అక్కడ నిలిచి వేడి పెరుగుతుంది. పైన మిల్లు వేడి, మావా.

తిరుపతయ్య తల దించేసుకున్నాడు. తను ఇక మగవాడినే కానని అతనికి అనిపించింది. డాక్టరమ్మ అది కనిపెట్టింది.

"తల ఎత్తండి. కణాలు తక్కువైతే మగతనం తక్కువైనట్టు కాదు. రెంటికీ సంబంధం లేదు. అక్షర పుట్టినప్పుడు మీకు ఈ ఉబ్బు ఉండి ఉండదు, లేదా కొంచెమే ఉండి ఉంటుంది. ఆ తర్వాత పెరిగింది. చిన్న ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. అందరికీ ఫలితం వస్తుందని మాట ఇవ్వను, చాలామందికి వస్తుంది. కొత్త కణాలు తయారవడానికి మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. అప్పటికీ చాలకపోతే, మంచి కణాలను వేరు చేసి నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి ఉంది. అదీ కాకపోతే టెస్ట్ ట్యూబ్. ఒక్కో మెట్టూ ఎక్కుదాం. ముందు ఆ వేడి మిషన్ దగ్గర్నుంచి జరగండి. మావా ఇవాళే ఆఖరు."

మావా మానడం అన్నిటికంటే కష్టమైన పని అయింది. చిరాకుతో ఒకసారి చెంబు గోడకేసి కొట్టాడు. హైమవతి జేబు నిండా సోంపు పోసి పంపేది. ఆపరేషన్ అయి ఇంట్లో పడుకున్న రోజుల్లో మిల్లులో అతని చోట నిలబడింది లక్ష్మీరాజమే. తన పాళీ తను చేసి, మళ్లీ ఇతని పాళీ చేసి, కళ్లు ఎర్రబడి తిరిగేవాడు. "గా పాపం ఇట్ల కడుక్కుంటున్న," అనేవాడు. తిరుపతయ్య లేచి వెళ్లాక సూపర్‌వైజరును బతిమాలి, జీతం కొంత తగ్గినా సరేనని, బట్టను మడతపెట్టే విభాగానికి మారాడు. అక్కడ ఫ్యాన్లు తిరుగుతాయి, కిటికీలు ఉంటాయి.

మూడు నెలల తర్వాతి రిపోర్టు కొంచెం నయం. ఆరు నెలల తర్వాతిది ఇంకా నయం. అయినా డాక్టరమ్మ ఆశించినంత లేదు. అందుకని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి మొదలుపెట్టింది. మొదటిసారి నిలవలేదు. ఆ రోజు నీళ్ల గదిలోకి వెళ్లబోతున్న హైమవతిని తిరుపతయ్య చెయ్యి పట్టి ఆపాడు. "ఆడ ఎందుకు? ఈడనే ఏడువు, నేనున్న గద," అన్నాడు. ఇద్దరూ చీరల మూటల మధ్య కూర్చుని ఏడ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని మీద ఆమెకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

రెండోసారీ కాలేదు. మూడోసారి నిలిచింది.

2008 వానాకాలంలో ఆడపిల్ల పుట్టింది. ఛోటా భాయ్ కావాలన్న అక్షర, పిల్లను చూడగానే ఆ సంగతి మరిచిపోయి, తన బొమ్మను తీసుకెళ్లి చెల్లెలి పక్కన పడుకోబెట్టింది. కీర్తి అని పేరు పెట్టుకున్నారు. డాక్టరమ్మ పిల్లను ఎత్తుకున్నప్పుడు తిరుపతయ్య దండం పెట్టబోతే ఆమె వద్దంది. "ఆ రోజు వరండాలో మిమ్మల్ని అన్ని మాటలన్నాను, ఏమనుకోకండి," అంది. "మీరు అన్నయి తక్కువనే డాక్టరమ్మా," అన్నాడు.

అతనికి అప్పుడు ఎవరెవరికి దండం పెట్టాలో తెలియనంత కృతజ్ఞత. మత్తు ఎక్కించకముందే నోరు పెగిలినందుకు దేవుడికి. ఇంత జరిగాక కూడా పక్కన కూర్చున్నందుకు భార్యకు. ఇంకొక సంగతి ఉంది. హైమవతి ఆ బద్లీ మాట గల్లీలో ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ ఎందుకు ఆగిందని అడిగితే డాక్టరమ్మ వద్దన్నదని ఊరుకుంది. తిరుపతయ్య ఇంట్లో పడుకున్నప్పుడు హెర్నియా అంది. ఆమె కడుపుకే వైద్యం జరిగిందని, దానివల్లే కాన్పు అయిందని గల్లీ అంతా అనుకుంటోంది. అనుకోనిచ్చింది. ఒక్కసారి తిరుపతయ్యే అడిగాడు, ఎందుకు చెప్పలేదని. "నా మొగని ఇజ్జత్ నాది గాదా?" అంది.

పిల్లను తొట్టెలో వేసిన రోజు గల్లీలో చిన్న విందు చేశారు. గది ముందు టార్పాలిన్ కట్టి, ఒకవైపు ఆడవాళ్లు, ఇంకోవైపు మగవాళ్లు కూర్చున్నారు. తిరుపతయ్య బకెట్టు పట్టుకుని మగవాళ్ల వరసలో పప్పు వడ్డిస్తున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి మాటలు వినబడ్డాయి. కనకవ్వ కీర్తిని ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమెకు ఇంకా ఆ ఒక్క కొడుకే.

"హైమకు ఆపరేషన్ లేకుంటనే కడుపు బాగయ్యింది. కనకవ్వ కడుపుకు ఏం దోషమున్నదో ఏమో," అంది ఒక పెద్దావిడ. చెడ్డ మనసుతో అనలేదు. అందరూ అవునన్నట్టు నిట్టూర్చారు. కనకవ్వ తల వంచి పిల్ల దుప్పటి సర్దింది. హైమవతి ఏదో చెప్పబోయి, భర్త ఉన్న వైపు చూసి ఆగిపోయింది.

తిరుపతయ్య ఆ చూపు చూశాడు. తన పరువు కోసం ఆమె మింగుతున్న మాట ఏమిటో అతనికి తెలుసు. కనకవ్వ వంచిన తలలో తన భార్య ఏడాది పాటు వంచిన తల కనబడింది. పప్పు బకెట్టు కింద పెట్టాడు.

"హైమ కడుపుకు ఎన్నడు ఏం గాలే పెద్దవ్వా," అన్నాడు. సాంచల చప్పుడులో పెరిగిన గొంతు కాబట్టి అందరికీ వినబడింది. "తప్పు నాలున్నది. టెస్టుకు పొమ్మంటే సిగ్గయ్యి బద్లీని పంపిన. నా బద్లీ రిపోర్టు వట్టుకొని ఆమెకు ఏడాది సూదులు పొడిసిండ్రు. హెర్నియా గాదు, నాకే ఆపరేషనయ్యింది. గప్పుడు పుట్టింది ఈ పిల్ల."

మగవాళ్ల వరసలో ఎవరో, "బద్లీ ఎవడ్రా?" అన్నారు. లక్ష్మీరాజం విస్తరి మీదికి ఇంకా వంగిపోయాడు. నవ్వులు టార్పాలిన్ ఎగిరేలా వచ్చాయి. తిరుపతయ్య కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. అటు చూస్తే హైమవతి నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. పుస్తె కట్టిన రోజు కూడా ఆమె అతన్ని అలా చూడలేదు.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు. వరస చివర కనకవ్వ భర్త సత్తయ్య అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తిరుపతయ్య బకెట్టు ఎత్తుకుని అతని ముందుకొచ్చి, పప్పు వడ్డించే వంకతో వంగి మెల్లగా అన్నాడు.

"సిగ్గయితది సత్తన్నా. నాకూ అయ్యింది. రేపు పొద్దుగాల నాకు పని లేదు. నేను నీ యెంట వస్త, బయట కూసుంట."

సత్తయ్య తల ఎత్తలేదు. చాలాసేపు అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నాడు. తర్వాత, దవాఖాన ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగాడు.